‘చూస్తాలెండి’ అంటే అవునా, కాదా?

ఈసారి గోడ పత్రికకి కవితలు చాలా వచ్చాయట. “రేపు ఉద్యోగాలకి పోయినప్పుడు పనికొచ్చేది ఏదైనా రాయమ్మా” అన్నారు మేడమ్. సరే అన్నాను. ఆ ‘సరే’ లాంటి మాటల గురించే ఈ వ్యాసం.

మా ఇల్లు బెళ్ళందూరులో, ఔటర్ రింగ్ రోడ్డుకి రెండు వీధులు లోపల. బెళ్ళందూరు అనగానే చాలామందికి చెరువు మీద నురగ, ఆ నురగకి అంటుకున్న మంట గుర్తొస్తాయి. ఇంకొందరికి 2022 సెప్టెంబరు వానలు గుర్తొస్తాయి. అప్పుడు రోడ్డు మునిగిపోతే సాఫ్ట్‌వేర్ వాళ్ళు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకి పోయారు. నాకు మాత్రం మా ఊరంటే బాల్కనీలే. సాయంత్రం ఏడు దాటితే మా అపార్ట్‌మెంట్‌లో ఏ బాల్కనీ చూసినా ఎవరో ఒకరు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వేరే దేశంతో మాట్లాడుతుంటారు. ముందు యూరప్, తర్వాత అమెరికా. నేను హోంవర్క్ చేసుకుంటూ ఆ మాటలు వింటూనే పెరిగాను.

మా పెద్దమ్మ కూతురు, అంటే నాకు అక్క, మూడేళ్ళుగా మా ఇంట్లోనే ఉండి ఇక్కడొక కంపెనీలో పనిచేస్తోంది. ఆమె టీమ్‌లో సగం మంది జర్మనీలో ఉంటారు. పోయిన ఏడాది ఒక శుక్రవారం సాయంత్రం ఏడున్నరకి కాల్. నేను అదే గదిలో మంచం మీద కూర్చుని చదువుకుంటున్నా. అవతలి జర్మన్ ఆయన ఒక పని సోమవారానికి అయిపోతుందా అని అడిగాడు. అక్క ఒక్క క్షణం ఆగింది. తర్వాత గొంతు కొంచెం సాగదీసి, “ఐ విల్ ట్రై” అంది. ఆ కాల్‌లో బెంగళూరు ఆఫీసులోని ఆమె పై మేనేజర్ కూడా ఉన్నారు. ఆయనది తమిళం. ఆయనేమీ అనలేదు.

నేను పుస్తకంలోంచి తల కూడా ఎత్తలేదు, కానీ నాకు తెలిసిపోయింది. అక్క కాదని చెప్పింది. ఆ మేనేజర్‌కీ తెలిసే ఉంటుంది.

జర్మన్ ఆయనకి తెలియలేదు. తన పట్టికలో ‘సోమవారం’ అని రాసుకున్నాడు. సోమవారం వాళ్ళ కస్టమర్ ఎదురుచూశాడు. పని రాలేదు. ఆ సాయంత్రం పెద్దవాళ్ళందరినీ కాపీలో పెట్టి ఒక మెయిల్ వచ్చింది. ఒప్పుకున్న పని చేయలేదు, ముందుగా చెప్పనూ లేదు అని. అక్కని రెండు నెలలకి జర్మనీ పంపాలని అంతకుముందే అనుకుంటున్నారు. ఆ ప్రయాణం ఇంకొకరికి పోయింది. ఆ మెయిల్ వల్లే పోయిందని ఎవరూ చెప్పలేదు, వేరే కారణమని కూడా చెప్పలేదు. అక్క ఆ రాత్రి బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి చాలాసేపు ఉండిపోయింది. నీళ్ళ బిల్లు గురించి ఎప్పుడూ గొణిగే మా అమ్మ ఆ రోజు ఒక్క మాట అనలేదు.

తర్వాత నేను అడిగాను, “కాదని ఎందుకు చెప్పలేదక్కా?” అని.

“చెప్పానే!” అంది.

నిజంగా ఆశ్చర్యంగా అంది. అబద్ధం చెప్పే రకం కాదు మా అక్క. తన లెక్కలో తను చెప్పింది.

మన ఇళ్ళలో ‘కాదు’

మనం కాదనే మాటని ఎన్ని రకాలుగా చెబుతామో ఒకసారి ఆలోచించండి. “చూద్దాం.” “చూస్తాలెండి.” “ఆలోచించి చెబుతాం.” “ఇంట్లో అడగాలి.” “ఇప్పుడేం తొందర?” పెళ్ళిసంబంధం నచ్చకపోతే ఎవరైనా “మీ అబ్బాయి మాకు నచ్చలేదు” అంటారా? “మూఢం వెళ్ళాక మాట్లాడుకుందాం” అంటారు. మూఢం వెళ్తుంది, ఫోన్ మాత్రం రాదు. అటువైపు వాళ్ళూ మళ్ళీ అడగరు. విషయం ఇద్దరికీ తెలిసింది, ముఖం ఎవరికీ చిన్నబోలేదు. ఇది దొంగతనం కాదు, మర్యాద. ఈ మర్యాదకి ఒక షరతు ఉంది. విన్నవాళ్ళకి కూడా ఇదే పద్ధతి తెలిసి ఉండాలి.

మనకి ఉద్యోగపర్వం పాఠం చెప్పినప్పుడు సంజయ రాయబారం గుర్తుందా? ధృతరాష్ట్రుడు సంజయుణ్ణి పాండవుల దగ్గరికి పంపి శాంతి గురించి, యుద్ధంలో ఉండే చెడు గురించి చాలా మంచి మాటలు చెప్పించాడు. రాజ్యంలో భాగం ఇస్తానని మాత్రం చెప్పించలేదు. ధర్మరాజు ఆ చెప్పని మాటనే విన్నాడు. విని, కనీసం అయిదూళ్ళివ్వమని అడిగి పంపాడు. పాఠం జరిగినప్పుడు నాకు ఇందులో గొప్పేముందో తెలియలేదు. ఇప్పుడు చూస్తే అది అచ్చం ఒక ఆఫీసు కాల్‌లా ఉంది. ఇంకో సంగతి. పాత తెలుగులో ఉద్యోగం అంటే ప్రయత్నం, అంటే ‘ట్రై’. మా అక్కకి ఉద్యోగంలో ఇబ్బంది తెచ్చింది కూడా ఆ మాటే కావడం చూసి నాకు నవ్వూ వచ్చింది, బాధా వేసింది.

ఎడ్వర్డ్ హాల్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త ఈ విషయం మీద చాలా పనిచేశాడు. 1950లలో, విదేశాలకి వెళ్ళే అమెరికన్ అధికారులకి అవతలి దేశాల వాళ్ళతో ఎలా మెలగాలో నేర్పే ఉద్యోగం ఆయనది. 1959లో ‘ది సైలెంట్ లాంగ్వేజ్’, 1976లో ‘బియాండ్ కల్చర్’ అనే పుస్తకాలు రాశాడు. ఆయన చెప్పింది మన మాటల్లో పెడితే ఇలా ఉంటుంది. కొన్ని చోట్ల అర్థంలో ఎక్కువ భాగం మాటల్లోనే ఉంటుంది. ఇంకొన్ని చోట్ల అర్థం మాట చుట్టూ ఉంటుంది, అంటే ఎవరు ఎవరితో ఎప్పుడు ఏ గొంతుతో అన్నారు, ఎంతసేపు ఆగి అన్నారు అనే వాటిలో ఉంటుంది. ఆయన పుస్తకంలో జర్మన్లని మొదటి రకంలో, జపాన్ వాళ్ళని రెండో రకంలో పెట్టాడు. మా పెద్దమ్మ రెండో రకం అని చెప్పడానికి నాకు పుస్తకం అక్కర్లేదు.

ఇప్పుడు అక్క కాల్‌ని మళ్ళీ చూడండి. ఆ ఒక్క క్షణం ఆగడం, గొంతు సాగదీయడం, ‘ట్రై’ అనే మాట, మూడూ కలిస్తేనే ‘కాదు’. కెమెరా ఆపేసి ఉంది కాబట్టి ముఖం కనబడలేదు. ఆగడాన్ని ఆయన నెట్‌వర్క్ సమస్య అనుకొని ఉండొచ్చు. చివరికి ఆయన చేతికి చేరింది ‘ఐ విల్’ అనే రెండు మాటలు.

నీవు, ఊట, ఆయ్తు

నాకు ఈ సంగతి తొందరగా అర్థం కావడానికి కారణం మా ఇల్లే. అమ్మది మదనపల్లె, తెలుగు. నాన్నది మండ్య, కన్నడ. ఇంట్లో వంటగది తెలుగు, టీవీ కన్నడ, గొడవ వస్తే ఎవరి భాషలో వాళ్ళు. ఇంత దగ్గర భాషలు కదా, పొరపాట్లు రావనుకుంటాం. నిజానికి దగ్గర భాషల్లోనే వస్తాయి, ఎందుకంటే అక్కడ మనం జాగ్రత్తగా ఉండం.

పెళ్ళైన కొత్తలో నాన్న మదనపల్లె వెళ్ళి, అత్తగారిని ఎంతో మర్యాదగా పలకరించాలని తనకి వచ్చిన తెలుగులో “నీవు కూర్చోండి, నీవు తినండి” అన్నారట. కన్నడంలో ‘నీను’ అంటే మన నువ్వు. ‘నీవు’ అంటే మన మీరు. అంటే నాన్న తన భాషలో ఉన్న గౌరవాన్నంతా తెచ్చి పెట్టారు. తెలుగులో ‘నీవు’ అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. అమ్మమ్మ వంటింట్లోకి వచ్చి “ఏమే, ఈయప్పకు పెద్దా చిన్నా తెలీదేమే?” అని అమ్మని అడిగింది. రెండు రోజులు నాన్నతో సరిగ్గా మాట్లాడలేదు. నాన్నకి కారణం తెలియక, మర్యాద సరిపోలేదేమో అనుకుని ఇంకా ఎక్కువసార్లు ‘నీవు’ అన్నారు! మూడో రోజు అమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి చెబితే గానీ తేలలేదు. ఇప్పటికీ అమ్మమ్మ మండ్య వాళ్ళతో మాట్లాడేటప్పుడు కావాలనే “నీవు” అని నవ్విస్తుంది.

నాన్న తప్పు చేసింది మర్యాద లేక కాదు, మర్యాద వల్ల. అపార్థం పెరిగే కొద్దీ మనం అదే పనిని ఇంకా గట్టిగా చేస్తాం, దాంతో అపార్థం ఇంకా పెరుగుతుంది. ఇది నాకు ఈ కథలో అన్నింటికన్నా ముఖ్యంగా అనిపించింది.

ఇట్లాంటివి ఇంకా ఉన్నాయి. మండ్య అజ్జి ఫోన్ చేసి “ఊట ఆయ్తా?” అని అడుగుతుంది. ఊట అంటే కన్నడంలో భోజనం, మనకేమో బావిలో ఊరే నీళ్ళు. అది నవ్వుకునే తేడా, నష్టం లేదు. ‘ఆయ్తు’ మాత్రం అట్లా కాదు. దాని మూల అర్థం అయిపోయింది అని. కానీ కన్నడ వాళ్ళు ‘సరే, అలాగే’ అనడానికి కూడా ఆయ్తు అనే అంటారు. బెళ్ళందూరుకి వచ్చిన కొత్తలో అమ్మ ప్లంబర్‌కి ఫోన్ చేసి కుళాయి బాగుచేయమంటే అతను “ఆయ్తు మేడమ్” అన్నాడట. అపార్ట్‌మెంట్ పైప్ దగ్గరే బాగుచేసేశాడేమో అనుకుని అమ్మ కుళాయి తిప్పింది. వంటిల్లంతా నీళ్ళు.

అదే ‘చూద్దాం’ విషయంలో మాత్రం ఇబ్బంది లేదు. కన్నడంలో ‘నోడోణ’, తమిళంలో ‘పార్క్కలాం’, మూడింటికీ తోక ఒకటే. అందుకే ఆ తమిళ మేనేజర్‌కి అర్థమై ఉంటుందని అంటున్నాను. అర్థమై కూడా ఆయన ఎందుకు ఊరుకున్నారు అనేది నాకు ఇప్పటికీ మింగుడు పడదు. రెండు వైపులా తెలిసిన మనిషి అక్కడ ఆయనొక్కరే.

1960లో రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ అనే ఇద్దరు ఈ నువ్వు, మీరు తేడా మీద ఒక వ్యాసం రాశారు. ఫ్రెంచిలో తూ, వూ. జర్మన్‌లో డూ, జీ. అంటే జర్మన్ ఆయనకి కూడా ఇంట్లో నువ్వు, మీరు ఉన్నాయి! ఎవర్ని ఎప్పుడు ఏమనాలో ఆయన కూడా చిన్నప్పుడు తిట్లు తిని నేర్చుకునే ఉంటాడు. ఇంగ్లీషులో అందరూ ‘యూ’ అయ్యేసరికి అటు ఆయన, ఇటు అక్క, ఇద్దరూ తమ పనిముట్లు ఇంట్లో వదిలేసి వచ్చినట్టయింది. గ్లోబల్ అంటే అవతలి వాళ్ళ ఊరికి మనం వెళ్ళడం అనుకుంటాం గానీ, చాలాసార్లు ఇద్దరూ కలిసి మూడో వాళ్ళ ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవడం అది.

దుబాసీ అనే ఉద్యోగం

ఈ పని కొత్తది కాదు. మన భాషలో దీనికి పాత పేరు ఒకటుంది, దుబాసీ. ద్విభాషి అనే మాట నుంచి వచ్చింది. రెండు భాషలు తెలిసి, ఇద్దరి మధ్య నిలబడి వ్యవహారం నడిపే మనిషి. కంపెనీ కాలంలో మద్రాసులో దుబాసీ లేకుండా ఏ వ్యాపారమూ జరిగేది కాదు.

మనం సాహిత్య చరిత్రలో యాత్రారచన అనగానే చదివే ఏనుగుల వీరాస్వామయ్య గారు అదే పని చేసేవారు. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, కాశీ వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. దారిలో చూసింది చూసినట్టు తన స్నేహితుడు కోమలేశ్వరపు శ్రీనివాసపిళ్ళకి రాసి పంపారు. ఆయన చనిపోయాక 1838లో అది ‘కాశీయాత్రచరిత్ర’గా అచ్చయింది. పరీక్షకి మనం ఇంతవరకే చదువుతాం. ఈ వ్యాసం కోసం నాకు ఇంకో ప్రశ్న వచ్చింది. ఒక్కో ప్రాంతంలో మనుషులు ఏం తింటారు, ఎలా మాట్లాడతారు, ఏ ఆచారం పాటిస్తారు అని అంత ఓపికగా ఆయనకి ఎలా కనబడింది? కోర్టులో ఆయన కూర్చున్న చోటుని ఊహించుకుంటే నాకు కొంత జవాబు దొరుకుతుంది. సాక్షి ఒక మాట అంటాడు. దాన్ని జడ్జీకి అప్పగించాలి. సాక్షి “చూస్తానన్నాడండీ” అంటే అది ఒప్పుకున్నట్టా, కాదన్నట్టా? తప్పుగా చెబితే ఒకరి ఆస్తి పోతుంది. రోజూ ఆ బరువు మోసిన మనిషికి, ఏ మాటా దాని పైకి కనిపించే అర్థంతో ఆగిపోదని తెలిసిపోతుంది.

ఇప్పుడు బెళ్ళందూరు కాల్స్‌లో దుబాసీ లేడు. ఎవరికి వాళ్ళే దుబాసీ అవ్వాలి. అంటే తన మాటని తనే అనువాదం చేసి చెప్పాలి. “నేను ఇలా అన్నాను, మా దగ్గర దీని అర్థం ఇది” అని.

మనమే ఎందుకు మారాలి?

ఈ ప్రశ్న మీకూ వచ్చి ఉంటుంది. నాకూ వచ్చింది. అక్కని అడిగాను. “జీతం వాళ్ళిస్తున్నారు కాబట్టి” అంది. అంతే, ఇంకేమీ అనలేదు. అందులో అబద్ధం లేదు, ఎవరి దగ్గర డబ్బుంటే వాళ్ళ పద్ధతి మామూలు పద్ధతి అవుతుంది, మిగతావాళ్ళది ‘సాఫ్ట్ స్కిల్స్ లోపం’ అవుతుంది.

సెలవుల్లో ఒక చోట మూడు రోజుల శిక్షణకి వెళ్ళాను. కళ్ళల్లోకి చూసి మాట్లాడండి, తల అటూ ఇటూ ఊపకండి, గట్టిగా ‘నో’ అనడం నేర్చుకోండి అన్నారు. తర్వాత ఒక కాగితం ఇచ్చారు. జపాన్ వాళ్ళు ఇలా, జర్మన్లు అలా, అమెరికన్లు ఇంకోలా. దేశానికి రెండు లైన్లు. అట్లాంటి పట్టికల వెనక డచ్ పరిశోధకుడు హాఫ్‌స్టెడ్ పని చాలా ఉంటుంది. 1967 నుంచి 1973 వరకు ఐబీఎం ఉద్యోగుల దగ్గర అనేక దేశాల్లో సేకరించిన జవాబులతో ఆయన 1980లో పుస్తకం వేశాడు. పై అధికారికీ కింది వాళ్ళకీ మధ్య దూరం ఎంత అనే లెక్క అందులో మంచి ఆలోచనే, మన ఇళ్ళు చూస్తే తెలుస్తుంది. కానీ ఒకే కంపెనీ వాళ్ళని అడిగి దేశం మొత్తానికి అంకె వేయడం ఏమిటని ఆయన్ని విమర్శించినవాళ్ళూ ఉన్నారు. నాకైతే ఆ అంకెలు మనుషులకి అతికించడం ఇష్టం లేదు. మదనపల్లె అమ్మ, మండ్య నాన్న ఇద్దరూ ఒకే అంకె కిందకి వస్తారా? మా అమ్మమ్మ, నేను వస్తామా?

ఆ శిక్షణలో నాకు నచ్చనిది ఇంకొకటి. మన పద్ధతి తప్పు అన్నట్టు చెప్పారు. మా అక్క మర్యాద తప్పు కాదు. అది చేరలేదు, అంతే.

ఇక జీతం ఇచ్చేవాళ్ళు నేర్చుకోరు అనేది కూడా పూర్తిగా నిజం కాదు. 1817లో మద్రాసుకి వచ్చిన సి.పి. బ్రౌన్‌కి కంపెనీ ఉద్యోగం చేయాలంటే ఇక్కడి భాష నేర్చుకోక తప్పలేదు. కాలేజీలో వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు మొదలుపెట్టాడు. 1820లో కడపకి వచ్చాక పని కోసం నేర్చుకున్నది కాస్తా పిచ్చి అయింది. 1852లో ఆయన నిఘంటువు వచ్చింది. పాలించడానికి వచ్చినవాడే, అది మరిచిపోనక్కర్లేదు. అయినా అటు నుంచి ఒక అడుగు పడింది. అక్కకి ఈ మాట చెబితే “మా జర్మన్ ఆయన నిఘంటువు రాసేలోపు నాకు రిటైర్‌మెంట్ వస్తుంది” అంది.

అక్క ఇప్పుడేం చేస్తోంది

ఆ గొడవ తర్వాత నాలుగు రోజులకి అక్క ఆయనకి ఒక మెయిల్ రాసింది. క్షమాపణ ఒక్క లైను. మిగతాదంతా వివరణ. మా దగ్గర పెద్దవాళ్ళ ముందు నేరుగా కాదనడం అలవాటు లేదు, నేను ‘ట్రై’ అంటే కష్టమని అర్థం, ఇకమీదట స్పష్టంగా చెబుతాను, మీకు అనుమానం వస్తే మీరూ అడగండి అని. పంపాలా వద్దా అని నా చేత మూడుసార్లు చదివించింది. ఆయన జవాబు బాగానే ఉంది. మా టీమ్‌లో ‘ట్రై’ అంటే ఒప్పుకున్నట్టు లెక్క, నాకు ఇది తెలియదు అని రాశాడు. అప్పటినుంచి ఎవరైనా ‘ట్రై’ అంటే “ఎంత శాతం?” అని అడుగుతున్నాడట. అక్క “నలభై” అంటుంది. చూడండి, ‘కాదు’ అనడానికి రాని నోరు ‘నలభై’ అనడానికి వచ్చింది. అంకెలో సిగ్గు లేదు.

పని కాదని చెప్పాల్సి వస్తే ఇప్పుడు కాదు దగ్గర ఆగదు. “సోమవారానికి కాదు. బుధవారానికి అవుతుంది. ఫలానా ఫైలు రేపే వస్తే మంగళవారానికే అవుతుంది” అంటుంది. ఇది నాకు మన మర్యాదకి చాలా దగ్గరగా అనిపించింది. ఇంటికొచ్చినవాళ్ళకి కాఫీ లేదంటే “పాలు విరిగిపోయినాయి, మజ్జిగ తాగుదురు” అంటాం కదా, అట్లా.

కాల్ చివర్లో అనుకున్నదంతా తిరిగి చెబుతుంది. విమానం నడిపేవాళ్ళు కంట్రోల్ టవర్ చెప్పిన మాటని మళ్ళీ పలికి వినిపిస్తారు. అంత దూరం ఎందుకు, మన దర్శిని హోటల్లో “రెండు ఇడ్లీ, ఒక వడ, బై టూ కాఫీ” అని కుర్రాడు తిరిగి చెప్పడూ? అదే.

చిన్న చిన్నవి చాలా ఉన్నాయి, తొందరగా చెబుతాను. తేదీ అంకెల్లో రాయకూడదు. 04/05 మనకి మే నాలుగు, అమెరికా వాళ్ళకి ఏప్రిల్ అయిదు. లక్షలూ కోట్లూ వాళ్ళకి తెలియవు. “ఐ హావ్ ఎ డౌట్” అంటే మనం ప్రశ్న అడుగుతున్నాం, వాళ్ళకి నమ్మకం లేనట్టు వినబడుతుంది. జర్మనీతో మనకి వేసవిలో మూడున్నర గంటలు తేడా, చలికాలంలో నాలుగున్నర, కాబట్టి మార్చి, అక్టోబరు చివర్లో ఎవరో ఒకరు గంట ముందో వెనకో వస్తారు. జర్మన్‌లో ‘పదిలో సగం’ అన్నట్టు చెప్పే మాటకి అర్థం తొమ్మిదిన్నర, బ్రిటన్ ఇంగ్లీషులో ‘హాఫ్ టెన్’ అంటే పదిన్నర. మనకి తొమ్మిదిన్నర అంటే తొమ్మిదిన్నరే, ఈ ఒక్క విషయంలో మనమే నయం.

పేరు సంగతి మాత్రం కొంచెం చెప్పాలి. మనకి ఇంటిపేరు ముందు. అక్క మెయిల్ ఐడీలో ఇంటిపేరే ముందు పడింది. మొదటి ఏడాదంతా అవతలి వాళ్ళు ఆమెని ఇంటిపేరుతోనే ఎంతో ఆప్యాయంగా పిలిచారు. అంటే మా పెదనాన్ననీ, వాళ్ళ తాతనీ కలిపి పిలిచినట్టు. చెప్పడానికి మొహమాటపడి ఊరుకుంది. ఆమె కూడా ఆయన్ని పేరుపెట్టి పిలవలేక “హాయ్” అని ఆగిపోయేది. ఏడాదిపాటు ఇద్దరూ ఒకర్నొకరు సరైన పేరుతో పిలుచుకోకుండానే పనిచేశారన్నమాట.

జర్మనీ ప్రయాణం మళ్ళీ అక్క దగ్గరికి రాలేదు. “వచ్చే ఏడాది చూద్దాం” అన్నారట బెంగళూరు మేనేజర్. ఆ మాటకి అర్థం అక్కకి బాగా తెలుసు. ఈసారి మాత్రం “ఎంత శాతం సార్?” అని అడిగింది. ఆయన నవ్వేశారట గానీ అంకె చెప్పలేదు.

ఇంట్లో మాత్రం ఏమీ మారలేదు. మొన్న పెద్దమ్మ ఫోన్ చేసి తిరుపతి సంబంధం ఒకటి చెప్పింది. అక్క ఒక్క క్షణం ఆగి, గొంతు సాగదీసి, “చూస్తాలేమ్మా” అంది. పెద్దమ్మ “సర్లే” అని ఫోన్ పెట్టేసింది.

ఇప్పుడు మీకొక పని. నేను ఒక ఆదివారం మా ఇంట్లో వినబడిన ‘సరే’లన్నీ రాసుకున్నాను. “సరే” అంటే ఒప్పుకున్నట్టు. “సరే సరే” అంటే ఇక ఆపు. “సర్లే” అంటే నాకు ఇష్టం లేదు, నీ ఇష్టం. “సరే మరి” అంటే ఫోన్ పెట్టేస్తున్నా. నాన్న “సరి” అంటే విన్నాను, చేస్తానో లేదో తెలియదు. ఇంకో నాలుగు రకాలు ఉన్నాయి, వాటికి అర్థం నాకే తేలలేదు. ఈ వ్యాసం పక్కన ఒక తెల్ల షీటు అతికించాను, దారానికి పెన్ను కట్టాను. మీ ఇంట్లో ‘కాదు’ అని చెప్పకుండా కాదనే మాట ఏమిటో, అది ఏ ఊరి మాటో, అవతలి వాళ్ళకి దాన్ని ఎలా విప్పి చెబుతారో అందులో రాయండి. ఉర్దూ, తమిళం, తుళు మాట్లాడే ఇళ్ళ వాళ్ళు తప్పకుండా రాయాలి, తెలుగు లిపిలోనే. పెన్ను తీసుకెళ్ళిపోకండి.

ద్వితీయ సంవత్సరం, బి.ఏ.